జనరల్ బోగీ లెక్కలు: అంతర్గత వలసపై రెండు ప్రభుత్వ పత్రాల విమర్శనాత్మక పరిశీలన

గత భాగంలో మీరు రావెన్‌స్టీన్ వలస సూత్రాలను చదివారు. 1885లో ఆయన ఆ సూత్రాలను ప్రతిపాదించినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి బ్రిటన్ జనాభా లెక్కల్లోని జన్మస్థల పట్టికలు. ఒక వ్యక్తి ఎక్కడ పుట్టాడు, లెక్క జరిగిన నాడు ఎక్కడ ఉన్నాడు అన్న రెండు సంగతులనే ఆ పట్టికలు ప్రధానంగా చెబుతాయి. మధ్యలో ఎన్ని ఊళ్లు తిరిగాడో, ఎన్నిసార్లు ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లాడో వాటిలో ఉండదు. వలస మెట్లు మెట్లుగా జరుగుతుందని రావెన్‌స్టీన్ చెప్పింది కూడా ఆ పట్టికల నుంచి ఊహించినదే. అంటే పట్టికలో ఏ గడులు ఉంటే సిద్ధాంతానికి ఆ ఆకారమే వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకుని ఈ భాగాన్ని చదవండి.

ఇక్కడ మనం రెండు పత్రాలను పరిశీలిస్తాం. మొదటిది కేంద్ర ప్రభుత్వం 2017 జనవరి 31న పార్లమెంటుకు సమర్పించిన 2016-17 ఆర్థిక సర్వేలోని పన్నెండో అధ్యాయం. అప్పటి ప్రధాన ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ ఆధ్వర్యంలో ఇది తయారైంది. రెండోది ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి 2024 డిసెంబరులో వెలువరించిన పత్రం. బిబేక్ దేబ్‌రాయ్, దేవీప్రసాద్ మిశ్రా దీని రచయితలు. భారతదేశంలో అంతర్గత వలస మనం అనుకున్నదానికంటే ఎక్కువ, అది వేగం పుంజుకుంటోంది అని మొదటి పత్రం అంటుంది. వలస తగ్గుతోంది అని రెండోది అంటుంది. రెండూ ప్రధానంగా ఆధారపడింది మాత్రం ఒకే రకమైన సమాచారం మీద. అది రైల్వేలు అమ్మిన అన్‌రిజర్వుడు టికెట్లు, అంటే జనరల్ బోగీ టికెట్లు.

ఒకే టికెట్టు నుంచి రెండు కథలు ఎలా వచ్చాయి? ఎవరి లెక్క ఒప్పు, ఎవరిది తప్పు అని తేల్చడం మన పని కాదు. ఆ టికెట్టు ఎవరిని చూడగలదు, ఎవరిని చూడలేదు అన్నదే ప్రశ్న.

వలస కార్మికులు ఎంతమంది?

ఈ ప్రశ్న పరీక్ష కోసం మాత్రమే కాదని ముందుగా గమనించాలి. 2020 మార్చి 24 రాత్రి దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటించిన తర్వాత ప్రభుత్వాలన్నింటి ముందు నిలిచిన ప్రశ్న ఇదే. అప్పటికి అందుబాటులో ఉన్న అంకెలు చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వలస వచ్చినవారు సుమారు 45.6 కోట్లు. అందులో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వచ్చినవారు సుమారు 5.4 కోట్లు. ఆర్థిక సర్వే అంచనాలో అంతర్రాష్ట్ర వలసదారులు 6 కోట్లు. 2020 మేలో రేషన్ కార్డు లేని వలస కార్మికులకు రెండు నెలల పాటు మనిషికి 5 కిలోల చొప్పున తిండిగింజలు ఇస్తామని కేంద్రం ప్రకటించినప్పుడు వేసుకున్న అంకె 8 కోట్లు. ఆహార భద్రతా చట్టం కింద ఉన్న సుమారు 80 కోట్ల మందిలో ఇది సరిగ్గా పదో వంతు. ఇంత గుండ్రంగా ఉన్న అంకెను చూసినప్పుడు ఇది లెక్కించినది కాదు, కేటాయించినది అని విద్యార్థి అనుమానించాలి. తిరిగి ఇళ్లకు చేరినవారు 1.04 కోట్లకు పైగా అని తర్వాత కార్మిక మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు చెప్పింది.

ఇన్ని అంకెలు, ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క మనిషి. పెళ్లయి పక్క మండలానికి వెళ్లిన ఆడపిల్ల 45.6 కోట్లలో ఉంది, 6 కోట్లలో లేదు. ఇటుక బట్టీలో ఏడు నెలలు పనిచేసి వానాకాలానికి ఇంటికి పోయే కూలీ 1.04 కోట్లలో ఉండవచ్చు, మిగతా వాటిలో ఉంటాడన్న నమ్మకం లేదు. తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు 2020 మే 1న బయలుదేరింది మన లింగంపల్లి స్టేషను నుంచే. సుమారు 1,200 మంది కార్మికులతో అది జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. ఆ రైలెక్కినవారి పేర్లు అప్పటికప్పుడు రాసుకున్నవే.

అదే సంవత్సరం సెప్టెంబరులో మరో జవాబు వచ్చింది. లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కార్మికుల వివరాలు తమ వద్ద లేవని, కాబట్టి పరిహారం అన్న ప్రశ్నే తలెత్తదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. లెక్క లేకపోవడం ఇక్కడ సమాచార లోపంగా మాత్రమే మిగలలేదు. పరిహారం ఇవ్వకపోవడానికి అదే కారణమైంది. గణాంకాలు ఎవరికోసం అని అడిగేవారికి ఈ జవాబు చదివి వినిపించాలి.

2017 పత్రం సాధించినదేమిటి?

ముందు మంచి చెప్పుకోవాలి. ఆర్థిక సర్వే అధ్యాయం వచ్చేనాటికి 2011 జనాభా లెక్కల వలస పట్టికలు పూర్తిగా బయటికి రాలేదు. కారణాల వారీ పట్టికలైతే ఇంకా ఆలస్యమయ్యాయి. ఆ స్థితిలో రచయితలు చేతులు ముడుచుకుని కూర్చోకుండా రెండు కొత్త దారులు వెతికారు.

మొదటి దారి వయోవర్గం ఆధారంగా వేసిన అంచనా. దీన్ని ఒక ఊహాత్మక జిల్లాతో అర్థం చేసుకుందాం. 2001లో ఆ జిల్లాలో 10 నుంచి 19 ఏళ్ల వారు లక్ష మంది ఉన్నారనుకోండి. పదేళ్లలో సహజ మరణాలు పోను 98 వేల మంది మిగలాలి. 2011లో 20 నుంచి 29 ఏళ్ల వారిని లెక్కిస్తే 85 వేలే కనిపించారు. అయితే 13 వేల మంది ఎక్కడికో పోయినట్లే. ఎవరినీ ప్రశ్న అడగకుండానే, వలస అన్న మాట ఎత్తకుండానే, వలస బయటపడుతుంది. చాలా తెలివైన పద్ధతి. దీని ప్రకారం 2001, 2011 మధ్య ఏటా 50 నుంచి 65 లక్షల మంది రాష్ట్రాల మధ్య వలస వెళ్లారని సర్వే అంచనా వేసింది. పని కోసం వలస వెళ్లేవారి పెరుగుదల రేటు అంతకుముందు దశాబ్దంలో ఏటా 2.4 శాతం ఉంటే, ఈ దశాబ్దంలో 4.5 శాతానికి చేరిందని కూడా ఆ అధ్యాయం చూపింది.

రెండో దారి రైలు టికెట్లు. 2011 నుంచి 2016 వరకు అమ్మిన అన్‌రిజర్వుడు టికెట్లలో 200 కిలోమీటర్లు మించిన ప్రయాణాలను తీసుకుని, ఏ రాష్ట్రం నుంచి ఏ రాష్ట్రానికి ఎందరు వెళ్లారు, ఎందరు తిరిగి వచ్చారు అని చూసి, ఆ తేడాను వలసగా లెక్కించారు. ఏటా సుమారు 90 లక్షల మంది అని తేలింది. పేదవాడి ప్రయాణానికి ఆనవాలు జనరల్ బోగీలో దొరుకుతుందన్న ఆలోచన ఒక ఆర్థిక శాఖ పత్రంలో రావడం చిన్న విషయం కాదు.

అయితే తేడా అన్న మాట దగ్గర ఆగాలి. ఒడిశాలోని బలంగీర్ జిల్లాలో కాంటాబంజి అనే స్టేషను ఉంది. నువాఖాయి పండుగ అయిన తర్వాత అక్కడి కుటుంబాలు మధ్యవర్తి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలతో సహా జనరల్ బోగీల్లో తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. వానలు పడకముందే తిరిగి వెళ్తాయి. ఊహకు, ఒక ఏడాదిలో వెయ్యి మంది వచ్చి 950 మంది తిరిగి వెళ్లారనుకుందాం. సర్వే పద్ధతిలో ఆ ఏడాది వలస 50. తిరిగి వెళ్లిన 950 మంది వచ్చినవారిలోంచి కొట్టుడుపోతారు. వారు ఏడు నెలలు మన జిల్లాల్లో ఉన్నారు, ఇక్కడే జబ్బుపడ్డారు, ఇక్కడే వారి పిల్లలు బడి మానేశారు. లెక్కలో మాత్రం ప్రయాణమే జరగలేదు. వయోవర్గ పద్ధతిలోనూ ఇదే లోపం. పదేళ్ల తర్వాత సొంత ఊరిలో కనిపించినవాడు మధ్యలో ఎన్నిసార్లు వెళ్లి వచ్చినా వలస వెళ్లనట్లే.

కాబట్టి 2017 పత్రం కొలిచింది స్థిరపడే వలసను. రుతువును బట్టి పోయి వచ్చే వలస, అంటే చట్టాల రక్షణ అన్నిటికంటే ఎక్కువ అవసరమైనవారి వలస, ఆ పద్ధతిలో సున్నాకు దగ్గరగా వస్తుంది. సర్వే తన అంచనాల పరిమితులను కొంత మేరకు ఒప్పుకుంది. తర్వాత ఆ అంకెలను వాడినవారు 90 లక్షలను గుర్తుంచుకున్నారు, పరిమితులను వదిలేశారు.

2024 పత్రం: తగ్గింది ఏమిటి?

రెండో పత్రం మరింత ధీమాగా మాట్లాడుతుంది. రైలు టికెట్లతో పాటు మొబైల్ ఫోన్ల రోమింగ్ సమాచారాన్ని, జిల్లా స్థాయి బ్యాంకు సమాచారాన్ని కూడా వాడుకుంది. 2023 నాటికి దేశంలో వలసదారులు 40.20 కోట్లు అని, 2011 నాటి అంకె కంటే ఇది 11.78 శాతం తక్కువ అని చెప్పింది. జనాభాలో వలసదారుల వాటా 37.64 శాతం నుంచి 28.88 శాతానికి దిగిందని తేల్చింది. దీనికి కారణం సొంత ప్రాంతాల్లోనే విద్య, వైద్యం, రోడ్లు, ఉపాధి మెరుగుపడటమే కావచ్చునని ఊహించింది.

మొదటి అభ్యంతరం చాలా ప్రాథమికమైనది. చెరువులో ఉన్న నీరు వేరు, కాలువలో పారుతున్న నీరు వేరు. 2011 జనాభా లెక్కల్లోని 45.6 కోట్లు చెరువు నీరు. 1985లో పెళ్లయి వచ్చిన ఆవిడ, 1996లో హైదరాబాదు వచ్చి స్థిరపడిన వడ్రంగి, నిన్నగాక మొన్న వచ్చిన కూలీ, అందరూ అందులో ఉన్నారు. అందులో మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలు. మొత్తంలో సగానికి మించి సొంత జిల్లా దాటనివారే. ఒక ఏడాది అమ్మిన రైలు టికెట్లు కాలువ నీరు. ఈ ఏడాది కాలువలో నీరు తగ్గితే చెరువు నిండే వేగం తగ్గుతుంది. చెరువు మట్టం అయిదున్నర కోట్లు పడిపోవాలంటే అంతమంది చనిపోయి ఉండాలి, లేదా తిరిగి వెళ్లిపోయి ఉండాలి. పక్క మండలానికి కాపురానికి వెళ్లిన స్త్రీకి, 2023లో సెకండ్ క్లాస్ టికెట్ల అమ్మకానికి ఏ సంబంధమూ లేదు.

రెండో అభ్యంతరం కొలబద్దల గురించి. 2007 జూలై నుంచి 2008 జూన్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 64వ విడతలో వలస రేటు 28.5 శాతం. 2020-21 శ్రామిక శక్తి సర్వేలో 28.9 శాతం. మధ్యలో 2011 జనాభా లెక్కల్లో 37 శాతం పైచిలుకు. ఈ మూడింటినీ వరుసగా పెడితే ఏమనిపిస్తుంది? వలస మూడేళ్లలో ఎగిసి పదేళ్లలో పడిందని అనుకోవడం కంటే, నమూనా సర్వే ఒక రకంగా, జనాభా లెక్కలు మరో రకంగా వలసదారుని పట్టుకుంటున్నాయని అనుకోవడం సమంజసం. ప్రశ్నలు వేరు, అడిగే తీరు వేరు. సర్వేను సర్వేతో పోల్చితే పదమూడేళ్లలో రేటు దాదాపు కదలలేదు. కాబట్టి 28.88 శాతాన్ని తెచ్చి 37.64 శాతం పక్కన నిలబెట్టి, దిగింది అనే ముందు కొలబద్ద మారిందా అని చూసుకోవాలి.

మూడోది టికెట్టు గురించి. జనరల్ టికెట్ల అమ్మకం ప్రయాణించాలనుకునేవారి సంఖ్యతో పాటు నడిచే బండ్ల మీద, బోగీల మీద, ధర మీద ఆధారపడుతుంది. కరోనా కాలంలో అన్‌రిజర్వుడు ప్రయాణం పూర్తిగా ఆగిపోయి, విడతలవారీగా తిరిగి మొదలైంది. అప్పుడు చాలా పాసింజరు బండ్లను ఎక్స్‌ప్రెస్ ప్రత్యేక బండ్ల పేరుతో నడిపారు. కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30 రూపాయలకు వెళ్లింది. పాత చార్జీలు తిరిగి వచ్చింది 2024 ఫిబ్రవరి చివరలో. అంటే పత్రం పోలికకు ఎంచుకున్న 2023 సంవత్సరం పూర్తిగా ఈ పెరిగిన చార్జీల కాలంలోనే ఉంది. పెరిగిన చార్జీ దగ్గరి ప్రయాణాలను దూరపు వాటికంటే ఎక్కువ దెబ్బతీస్తుంది, నిజమే. అయినా, మూడు రెట్లయిన చార్జీ మాట ఎత్తకుండా ప్రయాణికులు తగ్గడానికి కారణం ఊళ్లలో పెరిగిన ఉపాధి అని ఊహించడం సరైన తర్కం కాదు. బస్సులు, మధ్యవర్తులు ఏర్పాటు చేసే వాహనాలు ఈ లెక్కలో ఎలాగూ లేవు. మహబూబ్‌నగర్, నారాయణపేట ప్రాంతాల నుంచి ముంబై, పుణెలకు బస్సుల్లో పోయే పాలమూరు కూలీని ఏ రైలు టికెట్టూ చూడలేదు. గుంపు మేస్త్రీ దగ్గరున్న చేతిరాత పుస్తకంలో మాత్రం అతని పేరు, తీసుకున్న అడ్వాన్సు ఉంటాయి.

తెలుగు రాష్ట్రాల దగ్గర తప్పిన లెక్క

ఈ పత్రాన్ని మన ప్రాంతం మీద పెట్టి చూస్తే దాని బలహీనత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రాష్ట్రాల మధ్య ప్రయాణికులు అత్యధికంగా ఉండే దారుల్లో ఉత్తరప్రదేశ్-ఢిల్లీ, గుజరాత్-మహారాష్ట్రల సరసన తెలంగాణ-ఆంధ్రప్రదేశ్ దారిని పత్రం పేర్కొంది. నిజమే, సికింద్రాబాదు, విజయవాడల మధ్య తిరిగే బండ్లు ఎప్పుడు చూసినా కిటకిటలాడుతుంటాయి. అయితే 2014 జూన్ 1న విజయవాడలో రైలెక్కి సికింద్రాబాదులో దిగినవాడు ఒకే రాష్ట్రంలో ప్రయాణించాడు. జూన్ 2న అదే బండిలో అదే సీటులో వచ్చినవాడు అంతర్రాష్ట్ర ప్రయాణికుడు. మనిషి మారలేదు, పని మారలేదు. గీత మారింది. రాష్ట్ర సరిహద్దును వలసకు కొలబద్దగా పెట్టుకుంటే, గీత గీసిన రోజున లక్షల మంది కూర్చున్నచోటే వలసదారులవుతారు.

ఇప్పుడు మొబైల్ రోమింగ్ సంగతి. టెలికాం శాఖ దృష్టిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఈనాటికీ ఒకే సర్కిల్. శ్రీకాకుళం నుంచి హైదరాబాదు వచ్చి అపార్ట్‌మెంట్ల కట్టుబడిలో పనిచేసే మనిషి ఫోను రోమింగులోకి పోదు. ఆ సమాచారం దృష్టిలో అతను ఇల్లు కదలనే లేదు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం సంతకు వచ్చి వెళ్లినవాడు మాత్రం రోమింగులో నమోదవుతాడు. ఒకే పత్రంలో రెండు ఆధారాలు, ఒకే మనిషి. రైలు లెక్కలో అతను అంతర్రాష్ట్ర వలసదారుడు, ఫోను లెక్కలో స్థానికుడు. రెండు ఆధారాలను కలిపితే ఒకదాని లోపాన్ని మరొకటి పూడుస్తుందని సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ జరిగింది అది కాదు.

వలసదారుల వాటా తగ్గిన రాష్ట్రాల్లో మహారాష్ట్రతో పాటు ఆంధ్రప్రదేశ్ ఉందని కూడా పత్రం అంటుంది. 2012లో ఆంధ్రప్రదేశ్ అంటే హైదరాబాదు కూడా. 2023లో ఆంధ్రప్రదేశ్ అంటే హైదరాబాదు లేని రాష్ట్రం. విభజనకు ముందు, తర్వాత అంకెలను పోల్చే ఏ పట్టికలోనైనా తెలుగు విద్యార్థి వెతకవలసిన మొదటి సంగతి ఇదే. ఢిల్లీలో కూర్చున్న పాఠకుడికి తట్టకపోయినా మనకు తట్టాలి.

దేశం దాటితే

అంతర్జాతీయ వలసలోనూ ఈ చిక్కే వేరే రూపంలో కనిపిస్తుంది. దాన్ని తర్వాతి భాగంలో వివరంగా చదువుతారు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చూద్దాం. 2024 మధ్యనాటికి ప్రపంచంలో అంతర్జాతీయ వలసదారులు 30.4 కోట్లు, అంటే ప్రపంచ జనాభాలో 3.7 శాతం అని ఐక్యరాజ్యసమితి అంచనా. అందులో భారతదేశం నుంచి వెళ్లినవారు సుమారు 1.85 కోట్లు. మన విదేశాంగ శాఖ చెప్పే ప్రవాస భారతీయుల సంఖ్య సుమారు 3.5 కోట్లు. ఎక్కువగా పుట్టిన దేశాన్ని బట్టి లెక్కించడం ఐక్యరాజ్యసమితి పద్ధతి. తాతల కాలంలో వెళ్లినవారి సంతానాన్ని కూడా మన శాఖ కలుపుకుంటుంది. రెండు అంకెలూ వాటి వాటి అర్థంలో సరైనవే.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫుకు పోయేవారి విషయంలో ఈ తేడా మరింత గట్టిగా తగులుతుంది. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థలో తప్పనిసరిగా నమోదయ్యేది ప్రధానంగా ఈసీఆర్ పాస్‌పోర్టుతో, నిర్దేశిత దేశాలకు పనికి పోయేవారు. పదో తరగతి పాసైతే ఆ ముద్ర ఉండదు. పిల్లలు చదువుకునే కొద్దీ నమోదు తగ్గుతుంది. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడే పనిలో కుదిరినవారు అసలే కనిపించరు. నమోదైనవారి సంఖ్య తగ్గింది కాబట్టి గల్ఫు వలస తగ్గిందని పత్రికల్లో చదివినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

అక్రమాలు లేని, క్రమబద్ధమైన వలస కోసం 2018 డిసెంబరులో కుదిరిన ప్రపంచ ఒప్పందంలో మొట్టమొదటి లక్ష్యం, విధాన రూపకల్పనకు కచ్చితమైన సమాచారం సేకరించడం. మొదటి లక్ష్యంగా పెట్టారంటే సమాచారం ఎంత తక్కువగా ఉందో ఊహించవచ్చు.

ఇంటి తలుపు తట్టి అడిగితే

రైలు టికెట్లు, ఫోన్లు, బ్యాంకు ఖాతాలు అన్నీ ఒక పని కోసం పుట్టి మరో పనికి వాడుకుంటున్న సమాచారం. వాటిని వాడకూడదని కాదు. ఖర్చు తక్కువ, త్వరగా దొరుకుతాయి, ఏ నెలలో రద్దీ ఎక్కువో చెబుతాయి. ఆ మేరకు అవి విలువైనవే. కానీ ఎందుకు వెళ్లావు, ఎంత అప్పు చేశావు, పిల్లలను ఎవరి దగ్గర వదిలావు అని టికెట్టును అడగలేం. అడగాలంటే ఇంటికి వెళ్లాలి.

కేరళలో ఆ పని జరుగుతోంది. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం పరిశోధకులు కె.సి. జకరయ్య, ఎస్. ఇరుదయ రాజన్ 1998లో మొదలుపెట్టిన కేరళ వలస సర్వే కొన్నేళ్లకోసారి జరుగుతూ 2023 దాకా వచ్చింది. ఈ ఇంటి నుంచి ఎవరు వెళ్లారు, ఎవరు తిరిగి వచ్చారు, ఎంత పంపుతున్నారు అన్నవి అందులోని ప్రశ్నలు. ఒకే పద్ధతిలో పాతికేళ్ల పాటు అడగడం వల్ల, పెరిగింది అన్నా తగ్గింది అన్నా దానికి అర్థం ఉంటుంది. గల్ఫుకు మనుషులను పంపడంలో కేరళకు ఏమాత్రం తీసిపోని ఉత్తర తెలంగాణకు, గోదావరి, కడప జిల్లాలకు ఇంత కాలం సాగిన ఇలాంటి సర్వే లేదు. ఇది డబ్బు లేక జరిగిన లోపం అనుకోలేం.

ఇంటింటి సర్వే అయినంత మాత్రాన వలస బయటపడుతుందనీ లేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు, పింఛను పోతాయన్న భయం ఊరూరా పాకింది. ముంబై, భివండి వంటి చోట్ల పనిచేసుకునే వేలాది మంది పనులు వదులుకుని, బస్సులూ రైళ్లూ పట్టుకుని సొంత ఊళ్లకు పరుగెత్తారు. లెక్కించేవారు వచ్చేసరికి వలస వెళ్లినవాళ్లు ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. వలసను నమోదు చేయవలసిన రోజున వలస తాత్కాలికంగా మాయమైంది. లెక్కకు, సంక్షేమానికి ముడిపెట్టినప్పుడు జనం లెక్కకు తగ్గట్టు కదులుతారు. అందులో వారి తప్పు లేదు. కార్డు సొంత ఊరిలో, కడుపు పట్నంలో ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్ గురించి కూడా ఒక మాట. అసంఘటిత కార్మికుల జాబితా తయారు చేయమని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన తర్వాత ఇది వచ్చింది. కోట్ల మంది నమోదయ్యారు. కానీ ఒకసారి నమోదైన మనిషి తర్వాతి సీజనులో ఏ ఊళ్లో ఉన్నాడో, అతను వచ్చి చెబితే తప్ప అది చెప్పలేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఈ బాధ్యతను కార్మికుడి మీద కాక కాంట్రాక్టరు మీద పెట్టింది. ప్రతి కార్మికుడికీ పాసుపుస్తకం ఇవ్వాలంది, రిజిస్టర్లు ఉంచాలంది. అమలు చేసి ఉంటే 2020లో ఆ రిజిస్టర్లే దొరికేవి. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక నియమావళి 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది.

రాబోయే జనాభా లెక్కలు

2021లో జరగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడి, దేశంలో ఎక్కువ భాగానికి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగబోతున్నాయి. మనుషుల లెక్కింపు ఫిబ్రవరిలో. 2026 జూలై నుంచి 2027 జూన్ వరకు ప్రత్యేకంగా వలస మీద జాతీయ నమూనా సర్వే కూడా చేస్తామని గణాంకాల మంత్రిత్వ శాఖ ప్రకటించింది. నమూనా సర్వేల్లో రుతు వలసకు విడిగా నిర్వచనం ఉంది. 64వ విడతలో, ఏడాదిలో ఒక నెలకు తగ్గకుండా, ఆరు నెలలకు మించకుండా పని కోసం ఊరు వదిలినవారిని అలా లెక్కించారు. గ్రామీణ జనాభాలో వారు 1.7 శాతమని తేలింది. ఆరు నెలలు దాటిన ఇటుక బట్టీ సీజను ఈ నిర్వచనంలో ఇమడదన్నది మీరు ఇప్పటికే గమనించి ఉంటారు. బట్టీకి కుటుంబం అంతా వచ్చేస్తుంది కాబట్టి సొంత ఊళ్లో తలుపు తట్టినా జవాబు చెప్పేవారు ఉండరు.

జనాభా లెక్కలకు మాత్రం ఈసారి ఒక అవకాశం ఉంది. ఫిబ్రవరి అంటే బట్టీల్లో పని ముమ్మరంగా సాగే నెల, చెరకు కోతలు సాగే నెల. లెక్కింపు కాలమంతా సొంత ఇంటికి దూరంగా ఉన్నవారిని ఉన్నచోటే లెక్కించాలన్నది జనాభా లెక్కల నియమం. పెద్దపల్లి, రంగారెడ్డి జిల్లాల్లో బట్టీల పక్కన వేసిన తాత్కాలిక గుడిసెలు ఎన్యూమరేటరు చేతిలోని బ్లాకు పటంలో ఉంటే, అక్కడి ఒడియా కుటుంబాలు తొలిసారిగా మనిషి మనిషీ లెక్కకు వస్తాయి. వారి పిల్లల కోసం ఒడియా మాధ్యమంలో ఎన్ని పని స్థల బడులు కావాలో జిల్లా విద్యాశాఖకు తెలుస్తుంది. అయితే ఇళ్ల జాబితా తయారయ్యేది 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య. ఆ కాలంలో ఎక్కువ భాగం బట్టీలు ఖాళీగా ఉంటాయి, గుడిసెలు కూలిపోయి ఉంటాయి. ఫిబ్రవరిలో లెక్కింపుకు వెళ్లేవారు ఆ జాబితాను మాత్రమే పట్టుకుని వెళితే ఆ గుడిసెల వైపు పోరు. మండల స్థాయిలో ఎవరో ఒకరు జనవరిలో మరోసారి తిరిగి చూసి, జాబితాలో లేని గుడిసెలను చేర్చాలి.

అభ్యాసం: మీ జిల్లాకు సంబంధించి 2011 జనాభా లెక్కల డి-3 వలస పట్టిక చూడండి. పని కోసం వచ్చినట్లు నమోదైన పురుషుల, స్త్రీల సంఖ్యలను రాసుకోండి. తర్వాత మీ ఊరికి దగ్గరలో బయటి కూలీలు ఉండే ఒక పని స్థలాన్ని ఎంచుకోండి. అది ఇటుక బట్టీ కావచ్చు, రైస్ మిల్లు కావచ్చు, రొయ్యల చెరువు కావచ్చు. ఏ నెలలో ఎందరు వస్తారో, ఎలా వస్తారో అక్కడివారిని అడిగి తెలుసుకోండి. వారిలో ఎవరు ఆ పట్టికలోకి వస్తారు, ఎవరు రారు, ఎందుకు రారు అన్నది మూడు పుటలకు మించకుండా రాయండి.